ఎవరి పొద్దు వారిది

నర్సుల గది, రెండో అంతస్తు
ఎండలు ముదిరిన వారం

వదినకు,

ముందు శుభవార్త. నీ మరదలు ఇన్‌చార్జి సిస్టరయింది. నవ్వకు. ఈ సంరక్షణ గృహంలో ఉన్న పెద్దవాళ్ళకీ, వాళ్ళను చూసుకునే నర్సులకీ ఆయాలకీ ఇకమీదట నేనే దిక్కు. నాకొక గది కూడా ఇచ్చారు. గది అంటే మందుల బీరువా పెట్టగా మిగిలిన జాగా. కుర్చీ వెనక్కి జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు, బీరువా తెరవాలంటే నేను లేచి బయట నిలబడాలి. అయినా తలుపు మీద నా హోదా రాసిన బోర్డు ఉంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దానివైపు ఓ చూపు చూసుకుంటున్నాను.

ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. నేను నర్సింగు హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ మన అసలు కబుర్లన్నీ ఉత్తరాల్లోనే కదా.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు హెడ్ నర్సుగా చేసినన్నాళ్ళూ నీ ఆస్పత్రి వార్డుకి వచ్చినవాళ్ళు నయమై ఇంటికి పోయేవారు. ఇక్కడున్న వాళ్ళకి ఇదే ఇల్లు. ఒకరికి పక్షవాతం, ఒకరికి మతిమరుపు, ఇంకొకరికి నడుము లేవదు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటారు. అలాంటి ఇంట్లో రోజూ తెల్లవారకముందే లైట్లన్నీ వేసి, దుప్పట్లు లాగేసి, ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి అందరినీ కుర్చీల్లో కూర్చోబెడుతున్నారు. ఎందుకంటే పగటి షిఫ్టు వాళ్ళు వచ్చేసరికి రాత్రి షిఫ్టు వాళ్ళు అందరినీ తయారుచేసి అప్పగించాలట. అప్పగించాక టిఫిను వచ్చేదాకా ఆ పెద్దవాళ్ళు కుర్చీల్లోనే తలలు వాల్చి కునికిపాట్లు పడుతుంటారు. పాపం, హెడ్మాస్టారు అని ఒకాయన ఉన్నారు, జీవితమంతా పిల్లల్ని నిద్రపోవద్దని అరిచిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే అందరికంటే ముందు గుర్రు పెట్టేది ఆయనే.

ఈ పద్ధతి ఎత్తేస్తాను వదినా. ఎవరికి మెలకువ వచ్చినప్పుడు వాళ్ళు లేస్తారు. మేనేజరు గారితో ఈ మాటంటే ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "చూడమ్మా, వానలు తగ్గేలోపు తనిఖీ మేడం వస్తారు. ఆవిడ బాగుందంటే ఉంచుకుందాం. బాగాలేదన్నారా, పద్ధతీ పోతుంది, నీ కుర్చీ కూడా పోతుంది" అన్నారు.

ఆ కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోనే లేదు. ఏమంటావు?

నీ మరదలు


ఇల్లు
అదే వారం చివర

మరదలికి,

బోర్డు సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "మా చెల్లి!" అంటూ వీధి చివరిదాకా వెళ్ళి అందరికీ చెప్పి వచ్చాడు. తేవలసిన పాలు మాత్రం మర్చిపోయాడు. నాకూ కడుపు నిండినట్టుంది. సంతోషం అయిపోయింది, ఇక తిట్లు మొదలుపెడుతున్నాను.

నీకేమైనా మతి పోయిందా? కుర్చీ ఎక్కి వారం కాలేదు, అప్పుడే ఇల్లు పీకి పందిరేస్తానంటున్నావు. నేను ఆడవాళ్ళ వార్డుకి హెడ్ నర్సుగా ఉన్నన్నాళ్ళూ, సూర్యుడు కిటికీలోంచి తొంగిచూసేసరికి ఒక్క దుప్పటి మీద ముడత ఉండేది కాదు. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి, "ఏంటమ్మా ఇది, వార్డా, ఫొటో స్టూడియోనా?" అనేవాడు. ఆ మాట కోసం నా నర్సులు ప్రాణాలు పెట్టేవాళ్ళు.

నువ్వు లేపకపోతే వాళ్ళు ఒకే పక్కకి పడుకుంటారు, వీపు పుండ్లు పడుతుంది. షుగరు ఉన్నవాళ్ళకి సూది ఎప్పుడు వేస్తావు? పరగడుపున మింగాల్సిన మాత్రల మాటేమిటి? ఒక్కొక్కరూ ఒక్కో వేళకి లేస్తే టిఫిను ఎవరు వేడిచేస్తారు, నువ్వా? మంచితనం చాలదమ్మా, లెక్క కుదరాలి. పాత పద్ధతికి కాళ్ళూ చేతులూ ఉన్నాయి, నీ కొత్త పద్ధతికి నోరు తప్ప ఏమీ లేదు.

నా మాట విని బుద్ధిగా ఉద్యోగం చేసుకో.

వదిన


నర్సుల గది, రెండో అంతస్తు
తొలి వాన పడ్డ రోజు

వదినా,

నీ మాట వినలేదు. మొదలుపెట్టేశాను. అయితే నీ ప్రశ్నలు మాత్రం ఒక్కొక్కటీ డాక్టరు గారి ముందు పెట్టాను. మాత్రల్లో చాలావాటికి వేళ మార్చవచ్చన్నారు. మార్చకూడని వాళ్ళని మాత్రం నెమ్మదిగా, చిన్న దీపం వేసి లేపుతున్నాం. పుండ్లు పడకుండా పక్కలు మార్చి పడుకోబెట్టడం ఎప్పటిలాగే జరుగుతోంది, లైట్లు వేయకుండా, అరుపులు లేకుండా. అంటే నీ తిట్లలో సగం ఉపయోగపడ్డాయి.

మొదటి రోజు ఏమయిందో విను. మేమెవరినీ లేపలేదు. కానీ అలవాటు ప్రాణం, అందరూ వాళ్ళంతట వాళ్ళే లేచి చీకట్లో కూర్చుని ఎదురుచూశారు. హెడ్మాస్టారు నన్ను చెయ్యి ఊపి పిలిచి గుసగుసగా, "ఏమ్మా, ఎవరైనా పోయారా? ఇంకా లైట్లు వేయలేదేం?" అన్నారు. ఎవరూ పోలేదండీ, మీరు ఇంకాసేపు పడుకోవచ్చు అన్నాను. "ఎంతసేపు?" మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు. ఆయన నన్ను అనుమానంగా చూసి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కళ్ళు తెరిచే పడుకున్నారు. నాలుగో రోజుకి గానీ మూయలేదు.

పెద్దవాళ్ళు పరవాలేదు. అసలు చిక్కు మా వాళ్ళతోనే. రాత్రి ఆయాలకి పెద్ద ఒకావిడ ఉంది. ఆవిడ నడిచొస్తే కిటికీ తెరలు కదులుతాయి, అందుకని అందరూ తుఫాను అంటారు, ఆవిడ ముందే. మంచి మనిషి, గుండె నిండా ప్రేమ, నోటి నిండా కేకలు. "సిస్టరమ్మా, ఇన్నేళ్ళూ అందర్నీ ముత్యాల్లా తయారుచేసి అప్పగించాను. ఇప్పుడు జుట్టు రేగిన మనుషుల్ని అప్పగించమంటే నాకు తలకొట్టేసినట్టుంటుంది" అంటుంది. పగటి వాళ్ళేమో, "అన్ని స్నానాలూ మా నెత్తినే పడ్డాయి" అంటున్నారు. నేనేం చేశానో తెలుసా? ఎవరితోనూ పోట్లాడలేక చీర కొంగు దోపుకుని స్నానాలు నేనే చేయిస్తున్నాను. టిఫిన్లు నేనే తినిపిస్తున్నాను. నిన్న మంచాలు సర్దుతుంటే వెనక్కి తిరిగి చూశాను. తుఫానూ, పగటి ఆయాలూ గోడకి ఆనుకుని నిలబడి, కొత్తకోడల్ని చూసినట్టు చూస్తున్నారు. "మీరు బాగా చేస్తున్నారు సిస్టరమ్మా" అంది తుఫాను. పొగడ్త అనుకుని సంతోషించాను. ఇంటికెళ్ళి పడుకున్నాక అర్థమైంది.

నడుము విరిగిపోతోంది వదినా. వంట మాస్టరు కూడా అలిగాడు. ఇంకో నెల ఇలాగే సాగితే తనిఖీ మేడం వచ్చేసరికి నేనే ఇక్కడొక మంచం ఎక్కేలా ఉన్నాను. భయంగా కూడా ఉంది. వీళ్ళకి దొరికిన నిద్ర నా చేతకానితనం వల్ల మళ్ళీ పోతుందేమోనని.

నీ మరదలు


ఇల్లు
వానలు పట్టుకున్నాక

మరదలా,

జవాబు ఆలస్యమైంది. పనులు.

ముందుగా ఒకటి చెబుతున్నాను, చెవులు రిక్కించి విను. వాళ్ళని పడుకోనివ్వు. ఎవరేమన్నా సరే, మేనేజరు కళ్ళజోడు పగిలినా సరే, వెనక్కి తగ్గకు. మనిషి మంచి నిద్రలో ఉన్నప్పుడు, ఎక్కడో వరండా చివర ట్రాలీ చక్రం కీచుమంటుంది చూడు, అప్పుడే గుండె జారిపోతుంది. ఒక్కో గదీ దాటుకుంటూ దగ్గరికొస్తుంది. తలుపు. లైటు. దుప్పటి పోతుంది. తడిగుడ్డ చల్లగా మెడ మీద పడుతుంది. ఆ గుడ్డ పిండినవాళ్ళకి నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయనిపిస్తుంది, అది మీద పడినవాళ్ళకి కాదు. ఆ తర్వాత రోజంతా ఒళ్ళు మనది కానట్టే ఉంటుంది.

ఇక నీ నడుము గురించి. నువ్వు ఇన్‌చార్జివి కాదే, జీతం ఎక్కువ తీసుకునే ఆయావి. అన్నీ నువ్వే చేస్తే వాళ్ళకి మిగిలేది నిన్ను చూడటమే. రేపటి నుంచి రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకో. ఎవరైనా కింద పడబోతే తప్ప తీయకు. దురద పెట్టినా తీయకు. చేతులు ఖాళీ అయితేనే చెవులు పనిచేస్తాయి. వాళ్ళని కూర్చోబెట్టి, ఈ డ్యూటీ చార్టు మీరే వేసుకోండమ్మా అని తెల్లకాగితం ఇచ్చెయ్. నీకు నచ్చని చార్టు వేసుకుంటారు. వేసుకోనీ.

మీ అన్నయ్య బాగున్నాడు. నేనూ బాగున్నాను.

వదిన


నర్సుల గది, రెండో అంతస్తు
ముసురు

వదినా,

జేబుల కుట్లు ఊడిపోయాయి. అంత గట్టిగా పెట్టుకున్నాను.

మొదటి రోజు తుఫాను నా చుట్టూ తిరిగి, "చేతులకి ఏమైంది సిస్టరమ్మా?" అని అడిగింది. ఏమీ కాలేదు, మా వదిన తీయొద్దంది అన్నాను. ఆవిడకి అది న్యాయంగానే తోచింది. తెల్లకాగితం ఇస్తే మూడు రోజులు దాని మీద యుద్ధం. నేను బయట నిలబడి విన్నాను. పగటి ఆయాల్లో పిల్లలున్నవాళ్ళకి, పిల్లల్ని బడికి పంపి రావడం కుదిరితే చాలట, ఆ తర్వాత ఎన్ని స్నానాలైనా చేయిస్తారట. తుఫానుకి రాత్రి డ్యూటీ అసలు ఇష్టమే లేదు! ఎన్నాళ్ళనుంచో పొద్దుటి పని కావాలని ఉందట. మరి ఎప్పుడూ చెప్పలేదేం అంటే, "ఇన్నేళ్ళలో నన్నెవరడిగారు సిస్టరమ్మా?" అంది. ఆవిడ గొంతు చిన్నదవడం నేను మొదటిసారి విన్నాను.

ఇప్పుడు రెండు షిఫ్టుల మధ్య పొద్దుటి షిఫ్టు ఇంకొకటి పుట్టింది, తుఫాను దానికే మారింది. వాళ్ళే పుట్టించారు. వంట మాస్టరుకి కూడా చెప్పడం మానేసి, ఏం చేద్దామని అడిగాను. ఆయన అటక మీంచి టిఫిను చల్లారకుండా ఉంచే పెద్ద డబ్బా ఒకటి దించి, "దీన్ని వాడమని ఎవరూ అడగలేదు గానీ..." అన్నాడు. ఈ ఇంట్లో అందరూ ఎవరో ఒకరు అడుగుతారని కూర్చున్నవాళ్ళే.

ఇల్లే మారిపోయినట్టుంది వదినా. ఒకావిడ పక్షుల వేళకే లేచి, టీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుంటుంది. హెడ్మాస్టారు వెలుగు మంచం మీదికి వచ్చాకే లేస్తారు. కుర్చీల్లో కునికేవాళ్ళు లేరు. నిద్రమాత్ర కావాలని గొడవ చేసే తాతగారు అది అడగడమే మర్చిపోయారు. మతిమరుపు ఉన్న అమ్మ ఒకావిడ పొద్దుటిపూట ఆయాల చేతులు రక్కేది. ఇప్పుడు రక్కడం లేదు. ఆవిడకి కోపం జబ్బు వల్ల కాదు, మనం లేపడం వల్ల.

తనిఖీ తేదీ వచ్చింది, వచ్చే వారమే. నాకు భయం లేదు. అంటే ఉంది, కానీ జేబుల్లో ఉంది.

అన్నట్టు, నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ట్రాలీ చక్రం కీచుమంటుందన్నావు, వరండా చివరన్నావు. మన ఇంట్లో వరండా ఎక్కడిది? ట్రాలీ ఎక్కడిది వదినా?

నీ మరదలు


ఇల్లు అని రాయను
నీ ఉత్తరం అందిన రోజు

దొంగ మొహమా,

పట్టేశావు. సరే విను. వంటింట్లో స్టూలు ఎక్కి పై అరలో డబ్బా దించబోయి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి మేకులు బిగించారు. సొంతంగా నడిచేదాకా చూసుకోవడానికి ఇలాంటిదే ఒక సంరక్షణ గృహంలో చేర్చారు. మీ అన్నయ్య నన్ను ఎత్తి కూర్చోబెట్టబోయి తన నడుము కూడా పట్టేయించుకున్నాడు, అందుకని ఇంట్లో కుదరలేదు. నువ్వు కొత్తగా కుర్చీ ఎక్కావు. తెలిస్తే అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. మీ అన్నయ్య చేత ఒట్టు వేయించుకున్నాను.

ఇక్కడ రోజూ తెల్లవారకముందే లేపుతున్నారే! నన్ను! నేను ఎంతమందిని లేపానో లెక్కే లేదు, కానీ అది వేరు. అప్పుడు లేపేది నేను, ఇప్పుడు లేపించుకునేది నేను. రెండూ ఒకటే అనకు, దెబ్బలు పడతాయి. మొదటి రోజు దుప్పటి లాగినప్పుడు ఏడ్చాను. నొప్పికి కాదు. నన్ను ఎవరూ అడగలేదని.

ఇక్కడి ఇన్‌చార్జి పిల్ల చిన్నది, బెదురు గొడ్డులా ఉంటుంది. అమ్మాయ్, కాస్త ఆలస్యంగా లేపకూడదూ అంటే, "రూలమ్మా" అంటుంది. ఆ రూలు ఎవరు పెట్టారంటే తెలియదు. ఏ ముసలి హెడ్ నర్సో పెట్టి ఉంటుంది.

నువ్వు గానీ వచ్చావో, నీతో మాట్లాడను. తనిఖీ చూసుకో. నువ్వు నెగ్గితే ఇక్కడి పిల్లకి చూపించడానికి నాకు ఒక ఇల్లు ఉంటుంది. ఓడిపోతే నాలాంటి వాళ్ళందరి దుప్పట్లూ పోయినట్టే.

వదిన


నర్సుల గది, రెండో అంతస్తు
తనిఖీ అయిన సాయంత్రం

వదినా,

నీ మీద కోపం మూట కట్టి పక్కన పెట్టాను, వచ్చాక విప్పుతాను. ఒంటరిగా ఏడ్చావని చదివి నేనూ ఇక్కడ మందుల బీరువా వెనక ఏడ్చాను. ఆ రోజే బయల్దేరబోయాను. అన్నయ్యకి ఫోను చేస్తే, "తనిఖీ వదిలేసి వచ్చావంటే మీ వదిన ఒంటికాలి మీదైనా లేచి నన్ను కొడుతుంది" అన్నాడు. ఆగాను. ఇప్పుడు జరిగింది విను. కుట్లు జాగ్రత్త.

నిన్న మావాళ్ళతో ఒకటే మాటన్నాను. రేపు ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు, రోజూ ఎలా ఉంటామో అలాగే ఉందాం, పెద్దవాళ్ళని హాయిగా పడుకోనివ్వండి. అందరూ తలలూపారు. అంత బాగా తలలూపినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పొద్దున మేనేజరు గారూ, తనిఖీ మేడమూ, నేనూ కలిసి మొదటి గదిలోకి అడుగుపెట్టాం. ఎంత ప్రశాంతంగా ఉందో! అందరూ నిద్రలో ఉన్నారు. కానీ ఎలా? వెల్లకిలా, తిన్నగా, దుప్పట్లు గడ్డాల దాకా, చేతులు ఒద్దికగా పైన. జుట్టు నున్నగా దువ్వి ఉంది. మొహాల నిండా పౌడరు. గది అంతా సబ్బు వాసన. ఒక మంచం చివర దుప్పటి కిందనుంచి పాలిష్ చేసిన బూట్లు కనిపిస్తున్నాయి. హెడ్మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని నిద్రపోతున్నారు.

మేడం నెమ్మదిగా ఆయన మంచం దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, బాగా నిద్ర పట్టిందా?" అన్నారు.

ఆయన కళ్ళు తెరవకుండానే, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు, "ఎక్కడండీ! నిద్రపోవడం కోసం మమ్మల్ని తెల్లవారకముందే లేపేశారు" అన్నారు.

పక్క మంచం మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు దుప్పటిలోపల నవ్వు ఆపుకోలేక దగ్గారు. మేనేజరు గారి చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. మేడం నవ్వలేదు. "ఎవరి ఆలోచన ఇది?" అన్నారు.

చేతులు జేబుల్లోంచి తీశాను. "ఈ ఇంటికి ఇన్‌చార్జిని నేనండి. పెద్దవాళ్ళకి భయం పోయేలా చేశాను గానీ, మావాళ్ళకి మీరంటే ఉన్న భయం పోగొట్టలేకపోయాను. పొరపాటు నాది" అన్నాను. నా మాట పూర్తికాకుండానే తుఫాను ముందుకొచ్చింది. "సిస్టరమ్మకేం తెలీదు మేడం. నేనే చేయించా. ఏమీ చేయొద్దంది గానీ, జుట్టు రేగి ఉంటే ఆవిడకే కదా చెడ్డపేరు! అందుకని లేపి, తానాలు చేయించి, మళ్ళీ పడుకోబెట్టా. రోజూ అయితే ఒట్టు, ఎవర్నీ లేపం" అంది. ఏడుస్తూనే కేకలేస్తోంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది, ఎత్తగలిగితే.

మేడం ఏమీ రాసుకోకుండా పుస్తకం మూసేశారు. "రోజూ ఎలా ఉంటుందో చూడ్డానికి మళ్ళీ వస్తాను. ఎప్పుడో చెప్పను" అని వెళ్ళిపోయారు. మేనేజరు గారు నాతో అన్నదల్లా, "అదే ఆఖరమ్మా" అని.

సాయంత్రం అందరినీ పిలిచాను. ఎవరినీ తిట్టలేదు. నాకు చెడ్డపేరు వస్తే రానివ్వండి, అది మోయడానికే నాకు బోర్డు పెట్టారు, మీరు వాళ్ళని మాత్రమే చూసుకోండి అన్నాను. తుఫాను ముక్కు చీది, "అయితే ఆవిడ మళ్ళీ వస్తే నమస్కారం కూడా పెట్టను" అంది.

ఆవిడ ఎప్పుడొస్తుందో తెలియకుండా ఇక్కడ కాపలా కాస్తూ కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. నేను బయల్దేరి వస్తున్నాను. మాట్లాడకపోతే మానెయ్.

నీ మరదలు


పడక మీద నుంచి
వెంటనే

మరదలా,

రావద్దంటే అర్థం కాదా? నువ్వు అక్కడ లేనప్పుడు ఆవిడ వస్తే?

బూట్ల దగ్గర నవ్వి నవ్వి కుట్లు లాగాయి. మా గదిలో అందరికీ చదివి వినిపించాను. ఇక్కడి ఇన్‌చార్జి పిల్ల తలుపు దగ్గర నిలబడి వింది. నవ్వలేదు. కానీ ఆఖరుదాకా వింది.

వస్తే నేను నిద్రపోతున్నట్టు పడుకుంటాను.

వదిన


నర్సుల గది, రెండో అంతస్తు
తిరిగొచ్చాక

వదినా,

నిద్రపోతున్నట్టు పడుకోవడం నీకు చేతకాదు. కనురెప్పలు కొట్టుకుంటాయి. మా హెడ్మాస్టారు నయం. వాకర్ పట్టుకుని నువ్వు తలుపుదాకా నడిచినప్పుడు నాకు కలిగిన ఆనందం నా బోర్డు చూసినప్పుడు కూడా కలగలేదు. మీ ఇన్‌చార్జి పిల్లతో మాట్లాడాను, చెడ్డది కాదు, ఒంటరిది.

ఇప్పుడు కూర్చో. కూర్చునే ఉంటావులే. నువ్వన్నట్టే జరిగింది. నేను నీ పక్కన ఉన్న రోజునే తనిఖీ మేడం ఇక్కడికి వచ్చారు.

తలుపు తీసేవాళ్ళు లేరట. ఆవిడే తోసుకుని లోపలికొచ్చారు. కిటికీ దగ్గర టీ తాగుతున్నావిడ, "మీరూ తాగుతారా?" అని అడిగిందట. స్నానాల గదిలో ఎవరో గొంతెత్తి పాడుతున్నారట. సగం మంచాల మీద నిజమైన నిద్ర, నోళ్ళు తెరుచుకుని, జుట్టు చెదిరి, ఒకాయనైతే అడ్డంగా. తుఫాను మతిమరుపు అమ్మగారిని లేపకుండా పక్క మారుస్తోందట. మేడంని చూసి, నమస్కారం పెట్టకుండా, "కాస్త అక్కడే ఆగండమ్మా, కదిలితే మెలకువొచ్చేస్తుంది" అందట. ఆవిడ వరండాలో నిలబడ్డారు. ఎంతసేపో మరి. తర్వాత, "మీ ఇన్‌చార్జి ఎక్కడ?" అని అడిగారట.

"వాళ్ళ వదిన దగ్గరికెళ్ళింది. ఆవిడ లేకపోతే మాకు పని జరగదా ఏంటి?" అందట తుఫాను.

ఇది వినగానే, నిజం చెబుతున్నాను, నాకు మొదట చురుక్కుమంది. నేను లేకపోయినా ఏ లోటూ రాలేదా? ఎవరూ తడబడలేదా? తర్వాత గదిలోకి వచ్చి, కుర్చీ బీరువాకి ఆనించి కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఇన్నాళ్ళూ నేను చేసిన పని అదేనని అప్పుడు తెలిసింది.

మేనేజరు గారు ఈ రోజు మేడం రాసింది నాకు చదివి వినిపించారు. 'ఇక్కడ ఎవరూ నా కోసం ఏమీ చేయలేదు. ఈ పద్ధతి కొనసాగించవచ్చు. మిగతా గృహాల వాళ్ళు వచ్చి చూస్తే మంచిది.' చదివాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి కళ్ళు కూడా.

మీ ఇన్‌చార్జి పిల్ల ఫోను చేసింది. వచ్చి రెండు రోజులుండి చూస్తానంది. తుఫాను చేతికి అప్పగిస్తున్నాను. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కనుంటాను.

నీ మరదలు


నా మంచం, కిటికీ వైపు
చలి మొదలైన ఉదయం

మరదలా,

ఇప్పుడే లేచాను.

మళ్ళీ రాస్తున్నాను, చూసుకో. ఇప్పుడే లేచాను. ఎండ గది సగం దాకా వచ్చింది.

మా పిల్ల మీ దగ్గర్నుంచి వచ్చి వారం రోజులు ఆయాలతో కూర్చుంది. చార్టు వాళ్ళ చేతే వేయించింది. ఎవరితో మాట్లాడినా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటోంది, ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియనట్టే ఊరుకున్నాను. నిన్న రాత్రి నా మంచం దగ్గరికొచ్చి, "రేపు మిమ్మల్ని ఎప్పుడు లేపమంటారు?" అని అడిగింది. ఇంత వయసొచ్చింది, ఈ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదే. నీ ఇష్టం అన్నాను. "నా ఇష్టం కాదమ్మా" అంది.

చీకటుండగానే మెలకువ వచ్చింది, ఆ పాడు అలవాటు. ట్రాలీ కోసం చెవులు రిక్కించాను. రాలేదు. లైటు వెలగలేదు. దుప్పటి నా మీదే ఉంది. దాన్ని చెవులమీదికి లాక్కుని, పక్కకి తిరిగి, మళ్ళీ నిద్రపోయాను. ఎంత బాగుందో నీకెలా చెప్పను!

మీ అన్నయ్య ఎప్పటిలాగే ఫ్లాస్కు పట్టుకుని పొద్దున్నే వచ్చాడట. తలుపు దగ్గర ఆయా ఆపి, "ఆవిడ నిద్రపోతున్నారు, లేపకండి" అందట. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మనిషిని తెల్లవారకముందే భుజం పట్టి కుదిపి లేపుతూనే ఉన్నాను. ఒక్కరోజూ ఎదురు చెప్పలేదు. ఆయా మాట విని అడుగులో అడుగేసుకుంటూ లోపలికొచ్చి, నా పక్కన కుర్చీలో కూర్చున్నాడట. వరండాలో ఎవరు గట్టిగా మాట్లాడినా వేలు పెదవుల మీద పెట్టి వాళ్ళని ఊరుకోబెట్టాడట.

నేను కళ్ళు తెరిచేసరికి, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని, ఆ కుర్చీలోనే హాయిగా నిద్రపోతున్నాడు. ఇంకా నిద్రలోనే ఉన్నాడు. కాగితం చప్పుడు కాకుండా నీకు ఇది రాస్తున్నాను.

లేపలేదు.

వదిన